నాగప్ప షెడ్డులో వెలుతురు

కరెంటు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్లు అడిగే మొదటి మాట దాదాపు ఒకటే. ఇంత గదికి ఎన్ని వాట్ల లైటు సరిపోతుంది? ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గదికి లైటు దేనికి, గదికేమన్నా కళ్లున్నాయా? లోపల కూర్చుని పని చేసే మనిషికి కావాలి. ఆ మనిషి ఎవరు, ఏం పని చేస్తాడు, ఎటు తిరిగి కూర్చుంటాడు, ఇవేవీ చూడకుండా వాట్లు అడిగితే నేనేం చెప్పేది? టీ తాగించి, కాసేపు తిట్టి పంపిస్తాను. మళ్లీ వస్తారు, మంచి పిల్లలే.

నా పని అంతా ఆదోని, ఎమ్మిగనూరు మధ్యనే గడిచింది. పత్తి వ్యాపారుల మిద్దెలు, జిన్నింగ్ మిల్లులు, మగ్గాల ఇళ్లు, కౌతాళం వైపు పల్లెల్లో రైతుల కొట్టాలు, అన్నిట్లోనూ వైర్లు లాగాను. నిచ్చెన మీద మోకాళ్లు మొరాయించడం మొదలుపెట్టాక మానేశాను. లైసెన్సు ఎలా వచ్చింది, ఏ కాంట్రాక్టు ఎవరు ఎగరేసుకుపోయారు, ఆఫీసుల చుట్టూ తిరిగి ఎన్ని చెప్పులు అరగదీశాను, ఇవన్నీ ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఈ మధ్య ఇంటి కారు షెడ్డునే పనిచోటుగా వాడుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అలాంటి ఒక షెడ్డు గురించి, దానికంటే ముందు నాకు పని నేర్పిన ఒక మనిషి గురించి చెబుతాను.

బసప్ప మేస్త్రి

నా గురువు బసప్ప మేస్త్రిది కౌతాళం. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు. కోపం వస్తే మొత్తం కన్నడమే. ఎంత మంచి పనివాడో అంత చాదస్తుడు. గోడ మీద సుద్దగీత గీసే ముందు ఇంటివాళ్లను పిలిచి, ఇక్కడ మీరు చేసే పని ఒకసారి చేసి చూపించండి అనేవాడు. చేతిలో ఏమీ లేకుండా, ఉత్తుత్తిగా. పొడుగాటి వైరుకు బల్బు తగిలించుకుని ఆయన చెప్పినచోటల్లా నేను పట్టుకుని నిలబడాలి. లేని పిండితో జొన్నరొట్టెలు తట్టలేక ఆడవాళ్లు నవ్వి నవ్వి కూలబడేవాళ్లు. మేస్త్రి మాత్రం నవ్వేవాడు కాదు. వాళ్ల చేతుల కింద నీడ ఎటు పడుతోందో చూస్తూ ఉండేవాడు.

"నోడప్పా, సూడు," అనేవాడు నాతో. "లైటు యాడ పెట్టాలో ఎవురైనా సెప్తారు. నీడ యాడ పడుతుందో సూసినోడే మేస్త్రి."

ఆయన నాకు నేర్పిన చదువు మొత్తం ఇదే. మిగతావన్నీ తిట్లు.

ఎమ్మిగనూరులో ఒక గుంతమగ్గం ఇంట్లో ఈ మాట నాకు బాగా ఎక్కింది. నేత మనిషి గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. సరిగ్గా ఆయన నెత్తిమీద బల్బు వేలాడుతోంది. చూడడానికి బ్రహ్మాండంగా ఉంది. పోగు తెగినప్పుడు ఆయన ముందుకు వంగాడు, వంగగానే ఆయన తలకాయ నీడే పోగు మీద పడింది. తెగిన కొస కోసం మళ్లీ ఇంకా వంగాడు, నీడ ఇంకా చిక్కబడింది. బల్బును పెద్దది చేస్తే నీడ ఇంకా నల్లగా అవుతుంది తప్ప పోదు. మేస్త్రి దాన్ని పీకేసి, రెండు భుజాల పక్కన కాస్త ఎత్తులో రెండు చిన్న బల్బులు పెట్టించాడు. ఒకటి వేసే నీడను ఇంకొకటి తుడిచేస్తుంది. ఖర్చేమీ పెద్దగా పెరగలేదు, నేతాయన నడుము నొప్పి మాత్రం తగ్గిందని తర్వాత ఎప్పుడో చెప్పాడు.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కొత్త మిద్దె కట్టినప్పుడు జరిగింది కూడా చెప్పాలి. శాంపిల్ పత్తి చూసే గదికి పసుపు రంగు షోకు లైట్లు కావాలని ఆయన పట్టు పట్టాడు. పసుపు వెలుతురులో పత్తి తెలుపేదో, మచ్చేదో తెలియదని మేస్త్రి వాదించలేదు. పత్తి చూసినట్టు ఒకసారి చేసి చూపించమన్నాడంతే. వ్యాపారి లేని దూదిని వేళ్ల మధ్య పెట్టి పింజ లాగుతూ, తనకు తెలియకుండానే లేచి ఉత్తరం వైపు వరండాలోకి నడిచిపోయాడు. అక్కడ నిలబడి చేతులు వెలుతురుకు ఎత్తాడు.

"మీ కాళ్లే సెప్పినాయి గదప్పా," అన్నాడు మేస్త్రి.

ఆ గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టారు. షోకు లైట్లు హాల్లో సోఫాల మీదికి వెళ్లాయి. ఇద్దరికీ తృప్తిగా ఉంది. పని తెలిసినవాడి దేహానికి వెలుతురు ఎక్కడుందో తెలుసు, నోరే వేరే మాట చెబుతుంది. ఇది నేను ఆ రోజు నుంచి మర్చిపోలేదు.

షెడ్డులో ఏమేం చూడాలి

షెడ్డు విషయానికి వస్తే, జనం చేసే తప్పులన్నిటికీ మూలం, దాన్ని బండి పడుకునే చోటు అనుకోవడం. మధ్యలో ఒక లైటు వేస్తారు. అది కారు టాపును మెరిపిస్తుంది. బానెట్ ఎత్తగానే ఆ రేకు అడ్డం పడి ఇంజిన్ మొత్తం చీకటైపోతుంది. అందుకే కారుకు లైట్లు పక్క గోడల మీద పొడుగునా ఉండాలి, బానెట్ వచ్చే చోట ఎదురుగోడ మీద ఒకటి ఉండాలి. పై రేకులకు లోపలి వైపు తెల్ల రంగు వేయించండి, గోడలకు సున్నం కొట్టించండి. సగం వెలుతురు ఊరికే వస్తుంది. మా వైపు గోడలకు నడుము ఎత్తు దాకా ముదురు ఆకుపచ్చ పూస్తారు, మరకలు కనపడవని. మరకలతో పాటు కింద పడిన బోల్టు కూడా కనపడదు.

లైట్ల లైను, మిషన్ల లైను వేరువేరుగా ఉండాలి. గ్రైండరు మొరాయించి ఫ్యూజు కొట్టేసినప్పుడు లైటు కూడా పోయిందనుకోండి, తిరిగే చక్రం ముందు మనిషి చీకట్లో నిలబడి ఉంటాడు. ఇంకో సంగతి. పాతకాలం ట్యూబులు, ఇప్పటి చవక ఎల్.ఇ.డి.లు కంటికి తెలియకుండా మినుకుతుంటాయి. వాటి కింద తిరుగుతున్న చక్రం ఒక్కోసారి ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఒక వర్క్‌షాపులో యజమాని అలా ఆగిందనుకుని చెయ్యి చాపబోతే బసప్ప మేస్త్రి వెనక నుంచి కాలరు పట్టి లాగాడు. కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు కూడా. మిషన్ దగ్గర మంచి లైటుకు పిసినారితనం చేయకండి. మా నేల ఎండిపోయే నేల కాబట్టి ఎర్తు తీగ పాతిన గుంతలో ఎండాకాలం నీళ్లు పోయమని ఇంటి ఆడవాళ్లకు చెప్పి రండి. మగవాళ్లకు చెబితే తల ఊపి మర్చిపోతారు.

ఇంత చెప్పాను గానీ, ఇవన్నీ తెలిసినా నాగప్ప షెడ్డులో నాకు విషయం అర్థం కావడానికి చాలాసేపే పట్టింది.

నాగప్ప

నాగప్ప ఎమ్మిగనూరులో బోరు మోటార్లు చుట్టేవాడు. మోటారు కాలిపోతే లోపలి తీగంతా తీసేసి, కొత్త తీగను ఇనుప గాడుల్లో ఒక్కో పోగుగా లాగి మళ్లీ చుట్టడం. ఓపిక ఉండాలి, వేళ్లు మెత్తగా ఉండాలి. బోరు మోటారు నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి తీగ మీద గోరంత గీత పడినా నీళ్లు పట్టి కాలిపోతుంది. నేను పల్లెల్లో పని చేసేటప్పుడు ఎవరి మోటారు కాలినా, బస్సులో వేసుకుని నాగప్పకు ఇచ్చి రమ్మనేవాణ్ణి. మళ్లీ ఆ మోటారు గురించి మాట వచ్చేది కాదు. ఆయన మాటలు తక్కువ మనిషి. బాగా సంతోషంగా ఉంటే ఈల వేస్తాడు, అంతే.

కిందటి ఎండాకాలం ఆయన కొడుకు వీరేశు నన్ను వెతుక్కుంటూ ఆదోని వచ్చాడు. స్కూల్లో టీచరు. పాత కారొకటి కొన్నాడు. నాన్న షెడ్డును కారు షెడ్డుగా మారుస్తున్నాననీ, లైట్లు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పమనీ అడిగాడు. నేల అంచున నీలం లైటు, మనిషి కదిలితే వెలిగే సెన్సారు, ఇవన్నీ ఫోన్లో ఫొటోలు చూపించాడు. మరి నాన్న ఎక్కడ పని చేసుకుంటాడని అడిగాను. పిల్లవాడి మొహం వాడిపోయింది.

"నాయన సాలిచ్చుకున్నాడు మామా. కండ్లు కనపడ్డం ల్యా."

తర్వాత సంగతి మెల్లగా చెప్పాడు. ఉరుకుంద దగ్గర ఒక రైతుకు నాగప్ప చుట్టి ఇచ్చిన మోటారు బోరులో దించిన కొద్ది రోజులకే కాలిపోయింది. పైరు నీళ్లకు అల్లాడే సమయం. ఆ రైతు మోటారును మళ్లీ తెచ్చి దించి, తిట్టకుండా, ఏం ఫర్వాలేదు, నీకూ వయసైంది కదన్నా అని వెళ్లిపోయాడట. నాగప్పను ఆ మాటే కోసేసింది. రైతుకు ఇంకో దుకాణంలో మోటారు అద్దెకు ఇప్పించాడు. ఆ కాలిన మోటారును మాత్రం ముట్టుకోలేదు. పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి మూల పెట్టేశాడు. ఈల వినపడి నెలలైందని వీరేశు చెప్పాడు. నాన్న కోసమే షెడ్డు మార్చేస్తున్నాననీ, ఆ బల్ల కళ్లముందు ఉంటే ఆయన బాధపడతాడనీ అన్నాడు. ప్రేమతోనే అంటున్నాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నాగప్ప లాంటి మనిషికి పని లేకపోతే ఆయన ఏమవుతాడోనని నాకు నిజంగా భయమేసింది. నేను కూడా పని మానేసిన మనిషినే, ఆ ఉదయాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

ఈరన్న లైటు

మరుసటి ఆదివారం ఎమ్మిగనూరు వెళ్లాను. నాగప్ప భార్య ఈరమ్మ ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. నాగప్ప పలకరించాడు గానీ షెడ్డులోకి రాలేదు. నేను, వీరేశు లోపలికి వెళ్లాం. పగలే అయినా చీకటిగా ఉంది. పడమర వైపు వీధి, ఆ వైపు షట్టరు దించి ఉంది. ఎదురుగా తూర్పు గోడకు ఉరుకుంద ఈరన్న స్వామి పటం, దానిమీద ఒకే ఒక ట్యూబు లైటు. ఆ పటం కిందనే పని బల్ల.

మా వైపు ఇది మామూలే. కొత్తగా ఏ గది కట్టినా మొదటి లైటు దేవుడి పటం మీదే పెడతాం. సాయంత్రం స్విచ్చు వేయగానే వెలుతురు ముందు దేవుడి మీద పడాలి, ఇంటివాళ్లు అందరూ దండం పెట్టుకోవాలి. చాలా మంచి అలవాటు. చిక్కేమిటంటే, గదిలో లైటు ఉంది కదా అని అక్కడితో ఆపేస్తాం. నాగప్ప షెడ్డు కట్టుకున్నప్పుడు తన చేత్తోనే ఆ ట్యూబు బిగించుకున్నాడు. దానికింద జీవితమంతా పని చేశాడు.

నాగప్పను బతిమాలి తీసుకొచ్చాను. ఒకసారి బల్ల దగ్గర కూర్చుని చుట్టి చూపించమన్నాను.

"తీగ లేకుండా ఏం సుట్టేది రామాంజీ? కండ్లే పోయినాయి. దేవుడే సాలిచ్చుకో అంటాండాడు."

అయినా నా మాట కాదనలేక కూర్చున్నాడు. వీరేశూ నేనూ ముందే విప్పి, మాడిన తీగ తీసేసి ఉంచిన ఆ కాలిన మోటారు గొట్టాన్నే బల్ల మీదకు ఎత్తి పెట్టాను. దాని మూతి ఆయన వైపు, వెనకభాగం గోడ వైపు. ట్యూబు గోడ మీద నుంచి ఆ గొట్టం వెనకవైపును ధగధగ మెరిపిస్తోంది. ఆయన వైపు ఉన్న మూతి, లోపలి గాడులు నల్లగా బావిలా ఉన్నాయి. తల ఎత్తితే ట్యూబు సూటిగా కళ్లలో కొడుతోంది, దించితే చీకటి. ఆయన కళ్లు చికిలించుకుంటూ తల ఇంకా దగ్గరికి తీసుకెళ్లాడు. ఆరోగ్యవంతుడైన కుర్రవాడికి కూడా అక్కడ ఏమీ కనపడదు.

బల్లను ఇటు తిప్పుదామా అని నోరు జారాను. గుమ్మంలో ఉన్న ఈరమ్మ మొహం మారిపోయింది. బల్ల తిప్పితే నాగప్ప వీపు ఈరన్నకు అవుతుంది. ఆ మాట అక్కడితో మింగేశాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఇంటి దేవుడితో ఎలక్ట్రీషియన్ తగాదా పెట్టుకోకూడదు. దేవుణ్ణి ఉన్నచోటే ఉంచి వెలుతురును తేవడమే మన పని.

కానీ ఒక అనుమానం నన్ను వదల్లేదు. ట్యూబు మొదటినుంచీ అక్కడే ఉంది, బల్లా అక్కడే ఉంది. మరి ఇన్నేళ్లు ఈ మనిషి ఒక్క గీత కూడా పడకుండా ఎలా చుట్టాడు? కళ్లు ఎప్పటినుంచి మసకబారాయని అడిగాను. నాగప్పకు గుర్తు లేదు. ఈరమ్మ చెప్పింది.

"షట్టరు ఏసిన యేడే అన్నా. అప్పటినుంచే సత్వారం ముదిరింది ఈయనకు."

నేను వీరేశును పిలిచి షట్టరు ఎత్తమన్నాను. గడగడమంటూ అది పైకి వెళ్లగానే పడమటి వెలుతురు నాగప్ప భుజాల మీదుగా వచ్చి, సూటిగా ఆ గొట్టం మూతిలో పడింది. లోపల గాడులన్నీ వరసగా కనిపించాయి. అంతే కథ. షట్టరు లేని రోజుల్లో ఆ వైపు అంతా తెరిచే ఉండేది. ఆయన పని చేసింది ఈరన్న లైటుతో కాదు, వీపు వెనక వీధిలోంచి వచ్చే పగటి వెలుతురుతో. అది ఆయనకే తెలియదు.

వీరేశు షట్టరు కొక్కెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ షట్టరు వేయించింది తనే. నాన్నకు దుమ్ము కొట్టకూడదని, మధ్యాహ్నం వడగాలి తగలకూడదని మొదటి జీతాల్లోంచి మిగిల్చి వేయించాడు. రోజూ బడికి వెళ్లేముందు తనే దించి వెళ్లేవాడు, సాయంత్రం వచ్చాకే ఎత్తేవాడు. కొడుకు ముచ్చటపడి చేశాడని నాగప్ప ఈలోపు ఒక్కరోజు కూడా ఎత్తలేదు.

"నేను సేసినానా నాయనా ఇది?" అన్నాడు వీరేశు.

నాగప్ప కొడుకు వైపు చూడకుండా గొట్టాన్ని తుడుస్తూ, దుమ్ము మాత్రం బాగా తగ్గిందప్పా అన్నాడు. ఆ ఇంట్లో ఆ తండ్రీకొడుకులు ఎలా బతుకుతున్నారో ఆ ఒక్కమాటతో నాకు తెలిసిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు నొప్పించకూడదని చీకట్లో కూర్చున్నారు.

ఒక నిజం కూడా చెప్పాలి. లైటు మారిస్తే కళ్లు బాగవుతాయని చెప్పే ఎలక్ట్రీషియన్ మోసగాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తేనే లైట్ల పని మొదలుపెడతానని పట్టుబట్టాను. వెళ్లారు. ఒక కంట్లో పొర మొదలైందనీ, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదనీ, అద్దాలు మార్చమనీ చెప్పారు. అద్దాలు మార్చారు. అప్పుడు నిచ్చెన ఎక్కడానికి ఒక మంచి పనివాణ్ణి తీసుకుని మళ్లీ వెళ్లాను. కుర్చీలో కూర్చుని నేను అరవడం, అతను బిగించడం.

షెడ్డు సగం కారుకు, సగం బల్లకు. మధ్యాహ్నం వడగాలి నిజమే కాబట్టి షట్టరు దించక తప్పదు, ఆ వెలుతురు లైట్లతోనే రావాలి. బల్ల దగ్గర నాగప్ప భుజాలకు కాస్త వెనగ్గా, రెండు పక్కలా, రెండు పొడుగాటి తెల్ల లైట్లు వేలాడదీయించాను. గొట్టం లోపలికి వంచుకోవడానికి మెడ తిరిగే చిన్న దీపం ఒకటి. కారు వైపు గోడల మీద లైట్లు. రేకులకు తెల్ల రంగు, గోడలకు సున్నం. నీలం లైటు వద్దన్నాను. సెన్సారు గురించి వీరేశుకు విడమర్చి చెప్పాను. మోటారు చుట్టే మనిషి కదలడు, వేళ్లు మాత్రమే కదులుతాయి. సెన్సారు ఎవరూ లేరనుకుని ఆర్పేస్తుంది, నాన్న మాటిమాటికీ బస్సు ఆపేవాడిలా చెయ్యి ఊపాల్సి వస్తుంది. ఈరమ్మ చాలా నవ్వింది. ఈరన్న ట్యూబును ముట్టుకోలేదు. దానికి గుమ్మం పక్కన మొదటి స్విచ్చు ఇచ్చాను, వేరేగా.

ఆ సాయంత్రం

పని ముగిసేసరికి పొద్దు వాలింది. ఈరమ్మ వచ్చి మొదటి స్విచ్చు వేసింది. పటం మీద వెలుతురు పడింది, అందరం దండం పెట్టుకున్నాం. తర్వాత రెండో స్విచ్చు వేయమని నాగప్పకు చెప్పాను. ఆయన వేసి, బల్ల దగ్గర కూర్చుని, కొత్త అద్దాలు సర్దుకున్నాడు. ఎదురుగా ఆ రైతు మోటారే ఉంది. చిన్న దీపం మెడ వంచి లోపలికి పెట్టి, ఒక్కో గాడి అంచు మీద బొటనవేలు జరుపుకుంటూ పోయాడు. చాలాసేపు అలాగే చూశాడు. ఆయన మొహం చూసి, ఇంకా కనపడడం లేదేమోనని నేను కుర్చీలోంచి సగం లేచాను.

ఒకచోట వేలు ఆగింది.

"ఇదో, ఈడ అంచు లేసింది," అన్నాడు. "తీగ దీనికే గీసుకొనింది. ఇంత కనపడేదాన్ని నేను సూడల్యా."

మూల ఉన్న గోనెసంచిని వీరేశు తెచ్చి విప్పాడు. నాగప్ప ఆకురాయి తీసుకుని ఆ అంచును మెల్లగా అరగదీశాడు, వేలితో చూసుకున్నాడు, మళ్లీ అరగదీశాడు. తల ఎత్తకుండానే కొడుకుతో అన్నాడు.

"ఆ ఉరుకుందాయనకు ఫోన్ సెయ్యప్పా. మోటారు సుడతాండానని సెప్పు. వయసు ఎవురికైందో వచ్చి సూసుకోమను."

నేను చెప్పులు వేసుకుని బస్టాండుకు బయల్దేరాను. వీధి మలుపు దాకా వచ్చాక వెనక నుంచి ఈల వినిపించింది. ఎదురుగా బస్టాండులో ఆదోని బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, అయినా ఆ ఈల వింటూ కాసేపు అక్కడే నిలబడ్డాను.